ఆయుధం దించాక కాగితం సంగతి

ఇరాక్‌లో వయసు మళ్ళినవాళ్ళ గుర్తింపు కార్డులు ఓ నాలుగు తిరగేస్తే పుట్టిన తేదీ దగ్గర జూలై 1 అని తరచూ కనిపిస్తుంది. ఇంటి పెద్దదీ అదే, ఆయన భార్యదీ అదే, ఎదురింటి ముసలాయనదీ అదే. 1957 జనాభా లెక్కలప్పుడు పుట్టినరోజు చెప్పలేని వాళ్ళందరికీ ఏడాదికి నట్టనడుమ ఉన్న రోజు రాసేసి గుమాస్తాలు చేతులు దులుపుకున్నారు. ఆస్పత్రి ఎరగని, బడి ఎరగని కుర్దు కొండపల్లెల్లో అలా రాయించుకున్నవాళ్ళకు కొదవలేదు. సరిహద్దు అవతల టర్కీలో ఇదే తంతు జనవరి 1తో సాగింది. బడిలో చేర్చుకునే రోజున హెడ్మాస్టరు గారు ఉజ్జాయింపుగా వేసిన తేదీతోనే ఉద్యోగం చేసి రిటైరైనవాళ్ళు తెలుగునాట వీధికొకరైనా ఉంటారు కనక మనకిది నవ్వుకుని వదిలేసే సంగతి.

కుర్దులకు ఆ వీలు చిక్కలేదు. తేదీతో మొదలైన కాగితం తర్వాత పేరు మీదికి వచ్చింది. ఊరి మీదికి, మాట మీదికి, పౌరసత్వం మీదికి, జీతం మీదికి, ఆఖరికి సమాధి మీదికి కూడా వచ్చింది.

కుర్దులు మూడు నుంచి నాలుగు కోట్ల మంది ఉంటారని అంచనా. టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియా దేశాలు కలిసే కొండల్లో, మైదానాల్లో వాళ్ళ ఊళ్ళు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1920 నాటి సెవ్ర్ ఒప్పందం స్వయంపాలన ఆశ చూపింది. 1923 నాటి లోజాన్ ఒప్పందం ఆ మాటే ఎత్తలేదు. ఇంతవరకూ చరిత్ర పుస్తకాల్లో ఉంది. పత్రికల్లోకి మాత్రం కుర్దులు రెండే వేషాల్లో వస్తారు. ఒకటి తుపాకీ పట్టినవాళ్ళు, రెండు గ్యాస్ దాడిలో కుప్పకూలినవాళ్ళు. ఈ రెంటి మధ్యా బడిపంతుళ్ళున్నారు, గొర్రెల కాపరులున్నారు, టాక్సీ నడిపేవాళ్ళున్నారు, కొట్టు పెట్టుకున్నవాళ్ళున్నారు. వాళ్ళ ఇళ్ళలోకి రాజ్యం యుద్ధ విమానంలో వచ్చిన రోజులు కొన్నే. రిజిస్ట్రారు ఆఫీసు ముద్రతో వచ్చిన రోజులు లెక్కలేనన్ని.

ఇప్పుడీ మాట ఎత్తడానికి కారణం ఉంది. టర్కీ ప్రభుత్వంతో 1984 నుంచి పోరాడుతూ వచ్చిన కుర్దు సాయుధ సంస్థ పీకేకేను రద్దు చేసుకోమని జైల్లో ఉన్న దాని వ్యవస్థాపకుడు అబ్దుల్లా ఓజలాన్ 2025 ఫిబ్రవరి 27న పిలుపునిచ్చాడు. మే నెలలో సంస్థ తన రద్దును ప్రకటించింది. జూలై 11న ఇరాక్‌లోని సులేమానియా దగ్గర ముప్పైమంది సభ్యులు తమ ఆయుధాలను మంటల్లో వేశారు. నలభై వేలకు పైగా ప్రాణాలు తీసిన పోరు ముగింపు దశకు చేరిందని ప్రపంచం ఊపిరి పీల్చుకుంది. శాంతి ప్రక్రియ కోసం టర్కీ పార్లమెంటు ఒక కమిషన్ వేసింది. అదే ఏడాది ఆగస్టులో బిడ్డల్ని పోగొట్టుకున్న కుర్దు తల్లులను కమిషన్ ముందుకు పిలిచారు. ఒక తల్లి తన గోడు కుర్దిష్‌లో చెప్పుకోబోయింది. అనుమతి రాలేదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. తుపాకీ దింపడానికి ఒక ప్రకటన చాలు. కాగితం దిద్దడానికి చట్టం మారాలి, రిజిస్టరు మారాలి, గుమాస్తా బుద్ధి కూడా మారాలి. ఏ దేశంలోనైనా కుర్దుల సమస్య తీరిందో లేదో చూడాలంటే యుద్ధభూమి కన్నా రెవెన్యూ ఆఫీసు, బడి, జీతాల పట్టిక మంచి కొలతలు.

టర్కీ సంగతే ముందు చూద్దాం. 1928లో ఆ దేశం లాటిన్ లిపికి మారినప్పుడు క్యూ, డబ్ల్యూ, ఎక్స్ అక్షరాలను వర్ణమాలలో చేర్చలేదు. కుర్దిష్ రాతకు ఆ మూడూ కావాలి. దాంతో బిడ్డకు జివాన్ అనో ఖెజాల్ అనో పేరు పెట్టుకున్న తల్లిదండ్రులు ఆ అక్షరాలతో రాయించబోతే రిజిస్ట్రారు ఒప్పుకునేవాడు కాదు. టర్కిష్ అక్షరాల్లోకి మార్చుకుంటేనే నమోదు. కొత్త సంవత్సరం పండుగ నౌరోజ్‌ను డబ్ల్యూతో రాస్తే కుర్దు వేర్పాటువాదం, వీతో రాస్తే జాతీయ వేడుక. పండుగ శుభాకాంక్షల కార్డులో ఆ అక్షరం వాడినందుకు మేయర్ల మీద కేసులు నడిచాయి. అదే దేశంలో టీవీ చానెల్ పేరులో డబ్ల్యూ దర్జాగా వెలిగేది, ప్రతి వెబ్‌సైట్ చిరునామా మూడు డబ్ల్యూలతోనే మొదలయ్యేది. ఎవరికీ అభ్యంతరం లేదు. 2013లో ప్రభుత్వం ప్రకటించిన సంస్కరణలతో గానీ ఆ మూడక్షరాలకు విముక్తి రాలేదు.

పేరు తర్వాత ఊరు. వేల పల్లెల కుర్దిష్, ఆర్మేనియన్, అరబిక్ పేర్లను చెరిపి అధికారులు టర్కిష్ పేర్లు పెట్టారు. ఉత్తరం మీద ఒక పేరు, నోట ఒక పేరు. కుర్దులు తమ రాజధానిగా భావించే దియార్‌బకిర్‌ను ఇంట్లో ఆమెద్ అనే పిలుచుకుంటారు. ఆ నగరంలోని సూర్ పురపాలక మేయరుగా ఉన్న అబ్దుల్లా దెమిర్‌బాష్ పౌర సేవలను టర్కిష్‌తో పాటు కుర్దిష్, ఆర్మేనియన్, సిరియాక్ భాషల్లో అందించబోయాడు. 2007లో పదవి ఊడింది. ఆ వీధుల్లో ముసలమ్మలు మాట్లాడే భాషలోనే నీటి పన్ను సంగతి చెప్పాలనుకోవడం ఆయన చేసిన నేరం.

మాట మీద కట్టడి ఇంకా లోతుకు పోయింది. 1983లో సైనిక పాలకులు తెచ్చిన చట్టం కుర్దిష్ వాడకాన్ని నిషేధించింది. అది 1991లో రద్దయింది. అదే ఏడాది పార్లమెంటుకు ఎన్నికైన లెయ్లా జానా ప్రమాణం చివర టర్కిష్, కుర్దు ప్రజల సోదరభావం గురించి కుర్దిష్‌లో ఒక్క వాక్యం కలిపింది. సభ దద్దరిల్లింది. 1994లో జైలుకు వెళ్ళి పదేళ్ళ తర్వాత బయటికొచ్చింది. సభలో ఎవరైనా కుర్దిష్‌లో మాట్లాడితే రికార్డులో ‘తెలియని భాష’ అని రాసే పద్ధతి ఆ తర్వాతా చాలాకాలం సాగింది. తమాషా ఏమిటంటే 2009 జనవరి 1 నుంచి ప్రభుత్వ టీవీయే ఆ తెలియని భాషలో రోజంతా నడిచే చానెల్ పెట్టింది.

1980 సైనిక కుట్ర తర్వాతి జైళ్ళ గురించి టర్కీలో ఈనాటికీ చెప్పుకునే కథ ఒకటుంది. ములాఖత్‌లో టర్కిష్ తప్ప ఇంకో భాష మాట్లాడకూడదు. ఒక తల్లికి ఆ భాష రాదు. కొడుకు పేరు, దాని వెనక ‘ఎలా ఉన్నావు’ అనే ముక్క ఎవరి దగ్గరో నేర్చుకుని వెళ్ళింది. ఇచ్చిన ఆ కాసేపూ అదే ముక్కను ఒకసారి ప్రశ్నగా, ఒకసారి బుజ్జగింపుగా, ఒకసారి ఏడుపుగా అడుగుతూ కూర్చుంది. కొడుకు ప్రతిసారీ బాగున్నానన్నాడు. కుర్దు ఇళ్ళలో భాష గురించి చర్చ మొదలైతే రాజ్యాంగ నిపుణుల వాదనల కన్నా ముందు ఈ కథ వస్తుంది.

కాగితం మూసిన తలుపుల్ని గొంతు తెరిచింది. దెంగ్‌బేజ్‌లని కథాగాయకులున్నారు. వాయిద్యం లేకుండా, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని గంటల తరబడి వీరగాథలు, వలపు కథలు, ఊరి తగాదాలు పాడతారు. రాత నిషిద్ధమైన కాలంలో వాళ్ళే గ్రంథాలయాలు. 1955 నుంచి సోవియట్ ఆర్మేనియాలోని యెరెవాన్ రేడియో రోజూ కాసేపు కుర్దిష్ ప్రసారాలు చేసేది. టర్కీ పల్లెల్లో తలుపులు బిగించి, సెట్టు చప్పుడు తగ్గించి, చుట్టూ చేరి వినేవాళ్ళు. అందులో పాడిన గొప్ప గొంతుల్లో కరపెతే ఖాచో ఒకడు. 1915 ఆర్మేనియన్ల మారణకాండలో కుటుంబాన్ని పోగొట్టుకున్న ఆర్మేనియన్ అనాథ అతను. కుర్దుల పాటను కుర్దులకు రేడియోలో వినిపించి 2005లో కన్నుమూశాడు. ఆ తర్వాత కాసెట్ల కాలం వచ్చింది. 1976లో దేశం విడిచిన గాయకుడు షివాన్ పెర్వెర్ కాసెట్లు దొంగచాటుగా చేతులు మారేవి. సోదాల భయంతో ఆ కాసెట్లను, పుస్తకాలను పెరట్లో పాతిపెట్టిన ఇళ్ళున్నాయి. 2007లో దియార్‌బకిర్ పురపాలక సంఘం దెంగ్‌బేజ్‌ల కోసం ఒక పాత ఇంటిని కేటాయించింది. ఇప్పుడక్కడ టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఎవరైనా వినవచ్చు.

అయితే పాట కూడా కాగితం నుంచి పూర్తిగా తప్పించుకోలేదు. యెరెవాన్ రేడియోలో ఏళ్ళ తరబడి పాడిన మరో ఆర్మేనియన్ గాయకుడు ఆరామ్ టిగ్రాన్ తనను దియార్‌బకిర్‌లో పూడ్చమని కోరాడు. 2009లో ఏథెన్స్‌లో చనిపోయినప్పుడు టర్కీ పౌరుడు కాడన్న కారణంతో ప్రభుత్వం ఒప్పుకోలేదు. అంత్యక్రియలు బ్రసెల్స్‌లో జరిగాయి.

భాష సంగతి అలా ఉంటే పొట్ట సంగతి మరోలా ఉంది. 1990లలో పీకేకేకు అన్నం పెడుతున్నాయన్న పేరుతో సైన్యం పల్లెల్ని ఖాళీ చేయించింది. ఊళ్ళు, శివారు పల్లెలు కలిపి 3,428 జనావాసాలు ఖాళీ అయ్యాయని, 3.78 లక్షల మంది చెదిరిపోయారని 1998లో టర్కీ పార్లమెంటు కమిటీయే ఒప్పుకుంది. హక్కుల సంఘాల లెక్క ఇంతకు ఎన్నో రెట్లు. గొర్రెల మందలు, ద్రాక్ష తోటలు వదిలి వచ్చిన వాళ్ళు దియార్‌బకిర్, అదానా, మెర్సిన్ శివార్లలో తేలారు. ఇస్తాంబుల్‌లో ఎంతమంది చేరారంటే, ఈనాడు అన్ని నగరాలకన్నా ఎక్కువ మంది కుర్దులున్నది అక్కడేనని చెబుతుంటారు. అక్కడి మేడలు కట్టే తాపీ పనిలో, కుట్టు మిషన్ల వరుసల్లో, వీధుల్లో మసెల్ చిప్పల్లో అన్నం కూరి అమ్మే బళ్ళ దగ్గర వినిపించే యాస తూర్పు జిల్లాలదే.

భూమి లేని కుటుంబాలు పంటల వెంట తిరుగుతాయి. ఉర్ఫా, మార్దిన్, దియార్‌బకిర్ జిల్లాల నుంచి ఇంటిల్లిపాదీ మూటాముల్లె సర్దుకుని బయల్దేరతారు. ఒకచోట ఉల్లి, ఒకచోట ఆప్రికాట్, ఇంకోచోట పత్తి. ఆగస్టుకల్లా నల్లసముద్రం ఒడ్డున ఏటవాలు కొండల మీద హేజెల్‌నట్ ఏరుతుంటారు. ప్రపంచంలో పండే ఆ గింజలో సగానికి పైగా టర్కీదే. చాక్లెట్‌లో, రొట్టె మీద పూసే తీపి ముద్దలో మనం తినేది చాలావరకు అక్కడిదే. పని కుదిర్చే మేస్త్రీ కూలీలో తన వాటా కోసుకుంటాడు. ప్లాస్టిక్ పట్టా డేరాల్లో కాపురం. పిల్లలు వేసవి సెలవులకు ముందే బడి మానేసి, బడి తెరిచిన చాలా రోజులకు గానీ తిరిగి రారు. హాజరు పట్టీలో గైర్హాజరు గుర్తులు, చదువు మధ్యలో ఆగిపోవడం. ఈ కథలో తుపాకీ ఎక్కడా లేదు. కానీ ఊరు ఖాళీ అయిన నాటి నుంచి లెక్క తీస్తే దీని మొదలు అక్కడే ఉంది.

పల్లె వదలని వాళ్ళలో సరిహద్దు దాటి సరుకు తెచ్చుకుని బతికేవాళ్ళున్నారు. గీత గీయక ముందు అటూ ఇటూ ఉన్నది ఒకే తెగ, ఒకే సంత, అల్లుళ్ళూ కోడళ్ళూ తిరిగిన దారి. గీత గీశాక అదే నడక స్మగ్లింగ్ అయింది. 2011 డిసెంబరు 28 రాత్రి రొబోస్కి గ్రామస్థులు కంచర గాడిదల మీద డీజిలు, సిగరెట్లు తెస్తుండగా టర్కీ యుద్ధ విమానాలు బాంబులు వేశాయి. 34 మంది చనిపోయారు. వాళ్ళలో సుమారు సగం మందికి పద్దెనిమిదేళ్ళు నిండలేదు. అందులో కొందరు బడి ఖర్చుల కోసం వెళ్ళినవాళ్ళు. అది తప్పించుకోలేని పొరపాటని 2014 జనవరిలో సైనిక ప్రాసిక్యూటర్లు ఫైలు మూశారు. బాధితులు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళితే కొన్ని పత్రాలు గడువు దాటాక అందాయని తోసిపుచ్చింది. దేశంలోని మార్గాలన్నీ సరిగా వాడుకోలేదంటూ 2018లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం కూడా కేసు తీసుకోలేదు. కుటుంబాలు మాత్రం పరిహారం డబ్బు తాకలేదు.

సిరియాలో కాగితం మరీ మొరటుగా పనిచేసింది. 1962 అక్టోబరు 5న హసాకా రాష్ట్రంలో ఒకే ఒక్క రోజు ప్రత్యేక జనగణన జరిపారు. 1945కు ముందు నుంచి సిరియాలో ఉన్నట్టు రుజువు చూపాలి. పొలం పనిలో ఉన్న రైతు ఒక్క రోజులో ఏ రుజువు తెస్తాడు? సాయంత్రానికి సుమారు 1,20,000 మంది సొంత ఊళ్ళోనే విదేశీయులైపోయారు. ఒకే ఇంట్లో అన్న పౌరుడు, తమ్ముడు పరాయివాడు. వీళ్ళలో ‘అజానిబ్’ అంటే విదేశీయుల కింద నమోదైన వాళ్ళకు ఎర్ర రంగు కార్డు దక్కింది. అసలే నమోదు కాని ‘మక్తూమ్’లకు ఊరి పెద్ద అయిన ముఖ్తార్ రాసిచ్చే గుర్తింపు చీటీ తప్ప ఏమీ లేదు. పొలం పేరు మీద పెట్టుకోలేరు. సర్కారీ ఉద్యోగం లేదు. పాస్‌పోర్టు లేదు. హోటల్లో గది కావాలన్నా పోలీసుల అనుమతి కావాలి. పెళ్ళి నమోదు కాదు కనక పుట్టిన బిడ్డ కూడా అదే జాబితాలోకి. అలా తరం మీద తరం పెరిగి 2011 నాటికి మూడు లక్షలయ్యారు.

ఆ ఏడాది వీధుల్లో జనం తిరగబడగానే అసద్ ప్రభుత్వం ఏప్రిల్‌లో ఒక ఉత్తర్వుతో అజానిబ్‌కు పౌరసత్వం ఇచ్చింది. దాదాపు అర్ధ శతాబ్దం సాధ్యం కాదన్న పని ఒక్క సంతకంతో అయిపోయింది. మక్తూమ్‌లు ఆ ఉత్తర్వులోనూ చేరలేదు. పౌరసత్వం వచ్చిన కుర్రాళ్ళకు దాని వెంటే సైన్యంలో చేరమన్న పిలుపూ వచ్చింది.

2012లో ప్రభుత్వ దళాలు వెనక్కి తగ్గాక ఈశాన్య సిరియాలో కుర్దులు సొంత పాలన నిలబెట్టుకున్నారు. బడుల్లో మొదటిసారి కుర్దిష్ పాఠాలు మొదలయ్యాయి. 2016లో ఖామిష్లీలో రోజావా విశ్వవిద్యాలయం తెరిచారు. అయితే ఆ బడుల సర్టిఫికెట్లను డమాస్కస్ ఏళ్ళ తరబడి గుర్తించలేదు. తల్లిదండ్రులకు ధర్మసంకటం: బిడ్డను సొంత భాషలో చదివిస్తే బయట చెల్లని పట్టా, అరబిక్ బడికి పంపితే చెల్లే పట్టా. తమ జాతి పోరాటాన్ని మనసారా మెచ్చుకునే ఇళ్ళలో కూడా పదో తరగతి పిల్లల్ని ప్రభుత్వ సిలబస్ వైపు పంపినవాళ్ళున్నారు. దాన్ని ద్రోహమని ఎవరంటారు?

ఇరాక్ కథకు రెండు ముఖాలు. సద్దాం కాలంలో చమురు నగరం కిర్కుక్‌లో ‘జాతి సవరణ’ పేరుతో ఫారాలు పంచేవారు. తాను అరబ్బునని సంతకం పెట్టిన కుర్దు ఉండవచ్చు, పెట్టనివాడు ఇల్లూ రేషన్ కార్డూ వదిలి వెళ్ళాలి. 1991 తర్వాతి ఏళ్ళలో లక్ష మందికి పైగా కుర్దులు, తుర్క్‌మెన్‌లు, అస్సీరియన్లు అలా వెళ్ళిపోయారు. అంతకు ముందు 1988లో సద్దాం సైన్యం కుర్దుల మీద జరిపిన అన్ఫాల్ దాడుల్లో వేల పల్లెలు నేలమట్టమయ్యాయి. మగవాళ్ళను లారీల్లో ఎక్కించి ఎడారికి తీసుకెళ్ళి కాల్చి పూడ్చారు. మృతుల సంఖ్య కనీసం యాభై వేలని హక్కుల సంస్థలు, 1.82 లక్షలని కుర్దులు చెబుతారు. ఆ ఏడాది మార్చి 16న హలబ్జా పట్టణం మీద చల్లిన విషవాయువుకు బలైన సుమారు ఐదు వేల మంది దీనికి అదనం. ప్రాణాలతో మిగిలిన ఆడవాళ్ళను సుమూద్ వంటి కాంక్రీటు కాలనీల్లో పడేశారు. భర్త పోయాడన్న కాగితం లేదు. విధవరాలు కాదు, సుమంగళీ కాదు. మళ్ళీ పెళ్ళి లేదు, ఆస్తి పంపకం లేదు. కూలికి వెళ్ళి పిల్లల్ని పెంచుకున్నారు. తలుపు చప్పుడైతే ఆశగా చూసిన ఏళ్ళు ఎన్నో. 2019లో సమావా ఎడారిలో తవ్విన సమాధుల్లో కుర్దు ఆడవాళ్ళ, పిల్లల దుస్తులు బయటపడ్డాయి.

రెండో ముఖం సొంత ప్రభుత్వం. 1992 నుంచి ఎన్నికైన పార్లమెంటు, 2005 రాజ్యాంగంలో అరబిక్‌తో సమానంగా కుర్దిష్‌కు అధికార భాష హోదా. మిగతా మూడు దేశాల కుర్దులు అసూయపడే స్థితి. అయినా ఎర్బిల్‌లోనో సులేమానియాలోనో టీ దుకాణంలో కూర్చుంటే వినపడేది జెండా గురించి కాదు, జీతం గురించి. అరవై లక్షల పైచిలుకు జనంలో పన్నెండు లక్షలకు పైగా మంది ప్రభుత్వ జీతమో పింఛనో తీసుకునేవాళ్ళే. 2014లో బాగ్దాద్ నిధులు ఆపింది. అదే సమయంలో ఇస్లామిక్ స్టేట్ (ఐఎస్) దాడి, చమురు ధరల పతనం. 2016 నుంచి మూడేళ్ళ పాటు జీతంలో కొంత కోసి, కోసిన మొత్తాన్ని మీ పేర పొదుపు కింద రాసుకున్నామన్నారు. ఆ పొదుపు చేతికందలేదు. పొద్దున లెక్కలు చెప్పిన మాస్టారు సాయంత్రం టాక్సీ తిప్పాడు. 2024 ఫిబ్రవరిలో సమాఖ్య సుప్రీంకోర్టు బాగ్దాదే నేరుగా జీతాలు చెల్లించాలంది. అయినా 2025 ఆరంభంలో సులేమానియాలో ఉపాధ్యాయులు నిరాహారదీక్షకు కూర్చోవలసి వచ్చింది. మే నెలలో బాగ్దాద్ మళ్ళీ డబ్బు బిగబట్టింది.

ఇందులో తప్పంతా బాగ్దాద్‌ది కాదు. బర్జానీల కేడీపీ, తలబానీల పీయూకే అనే రెండు కుర్దు పార్టీలు 1990లలో ఒకరినొకరు చంపుకున్నాయి. ఆ తర్వాత ప్రాంతాన్ని పంచుకుని పాలించాయి. ఉద్యోగానికి చదువు కన్నా పార్టీ పరిచయం ముఖ్యమన్నది అక్కడి యువకుల నిత్య ఫిర్యాదు. విమర్శించిన విలేకరులు జైలుకు వెళ్ళారు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన అరబ్ కుటుంబాలను నివాస అనుమతి పత్రం చూపమని చెక్‌పోస్టుల్లో నిలబెట్టింది కుర్దు పోలీసులే. కాగితంతో మనిషిని తూచే అలవాటు బాధితుడికి అధికారం రాగానే దానంతటదే పోదు.

మంచి జరిగిన చోట కూడా చెప్పాలి. ఎర్బిల్ వీధుల్లో దశాబ్దాలుగా పేటకో ప్రైవేటు జనరేటరు. ఆంపియర్ల లెక్కన నెలనెలా డబ్బు కట్టించుకుని కరెంటు ఇచ్చేది. రాత్రంతా దాని రొద, డీజిలు కంపు. 2024 చివర్లో మొదలైన రునాకీ పథకంతో ఒక్కో పేటకూ 24 గంటల కరెంటు వస్తోంది, జనరేటర్లు మూతపడుతున్నాయి. బిల్లు పెరిగిందన్న గొణుగుడూ ఉంది. మామూలు పట్టణ జీవితపు మామూలు గొణుగుడు అది.

ఈ ఎర్బిల్ తెలుగువాళ్ళకు బొత్తిగా కొత్త ఊరు కాదు. ఉత్తర తెలంగాణ పల్లెల నుంచి ఏజెంట్లు విజిట్ వీసా మీద అక్కడికి పంపిన కూలీలు అకామా అనే నివాస పత్రం లేక, జరిమానాలు పేరుకుపోయి, ఇంటికి రాలేక చిక్కుకున్న వార్తలు మన పత్రికల్లో చాలాసార్లు వచ్చాయి. 2016లో అక్కడ భారత కాన్సులేట్ తెరుచుకున్నాక సాయం అడగడానికి ఒక గుమ్మమైనా ఏర్పడింది. హోటల్లో గిన్నెలు కడిగే నిజామాబాద్ కుర్రాడు, అదే హోటల్లో వడ్డన చేసే సిరియా కుర్దు శరణార్థి చూపించలేకపోయేది ఒకే రకం కాగితం.

ఇరాన్ సరిహద్దుల్లో బరువు వీపు మీదే ఉంటుంది. మరివాన్, సర్దష్త్, పిరాన్‌షహర్, నౌసూద్ కొండల్లో కోల్బర్లు అనే మోతగాళ్ళు ముప్పై నలభై కిలోల మూటలు కట్టుకుని ఇరాక్ వైపు నుంచి నడిచి వస్తారు. టైర్లు, బట్టలు, టీ పొడి, సిగరెట్లు, టీవీలు. ఫ్యాక్టరీలు రాని, సేద్యం చాలని జిల్లాలు కనక డిగ్రీలున్నవాళ్ళు కూడా ఆ మూట ఎత్తుకుంటారు. దారిలో 1980ల ఇరాన్-ఇరాక్ యుద్ధం నాటి మందుపాతరలు, మంచు చరియలు, కాపలా సైనికుల తూటాలు. ఏటా పదుల మంది తిరిగి రారు. 2019 డిసెంబరులో మరివాన్ దగ్గర పద్నాలుగు, పదిహేడేళ్ళ అన్నదమ్ములిద్దరు మంచులో గడ్డకట్టి చనిపోతే ఊళ్ళకు ఊళ్ళు శవయాత్రలో నడిచాయి. ప్రభుత్వం కొందరికి కోల్బర్ కార్డులిచ్చి, తలో వంతు రోజుల్లో దాటనిచ్చే పద్ధతి పెట్టి చూసింది. బుద్ధి పుట్టినప్పుడల్లా ఆ దారులు మూసేసింది. ఇలా వచ్చిన సరుకుతోనే బానే పట్టణంలో అంగళ్ళు కళకళలాడతాయి. టెహ్రాన్ మధ్యతరగతి చవగ్గా టీవీ, ఏసీ కొనుక్కోవడానికి అక్కడికి విహారయాత్రలా వెళుతుంది. ఆ ఊళ్ళోనే పుట్టిన దర్శకుడు బహ్మన్ ఘొబాదీ ఈ దారుల్లో కంచర గాడిదలతో నడిచే అనాథ పిల్లల మీద 2000లో తీసిన తొలి చిత్రానికి కాన్‌లో కెమెరా డోర్ పురస్కారం వచ్చింది.

ఇరాన్ రాజ్యాంగం 15వ అధికరణ ప్రాంతీయ భాషల సాహిత్యాన్ని బడుల్లో బోధించవచ్చని చెబుతుంది. సనందాజ్‌లో పిల్లలకు కుర్దిష్ నేర్పిన జారా మొహమ్మదీ జాతీయ భద్రతకు భంగం కలిగించిందన్న అభియోగంతో ఐదేళ్ళ శిక్షకు గురై 2022 జనవరిలో జైలుకు వెళ్ళింది. మరుసటి ఏడాది విడుదలైంది. సక్కెజ్‌కు చెందిన ఇరవై రెండేళ్ళ యువతిని ఇంట్లో జినా అని పిలిచేవారు. కాగితాల్లో మహ్సా అమీనీ. 2022 సెప్టెంబరు 16న టెహ్రాన్‌లో నైతిక పోలీసుల నిర్బంధం తర్వాత ఆమె చనిపోయినప్పుడు ప్రపంచం కాగితం మీది పేరే ఎత్తుకుంది. ఆమె అంత్యక్రియల నాడు సక్కెజ్ శ్మశానంలో లేచిన ‘జిన్, జియాన్, ఆజాదీ’ (స్త్రీ, జీవితం, స్వేచ్ఛ) నినాదం మాత్రం కుర్దిష్‌దే.

వలస వెళ్ళిన చోట్ల ఈ లెక్కలు మరో రకం. జర్మనీ, స్వీడన్ లాంటి దేశాల్లో లక్షల మంది కుర్దులున్నా అధికారిక పట్టికల్లో వాళ్ళు టర్కీవాళ్ళో ఇరాక్‌వాళ్ళో సిరియావాళ్ళో. అయితే స్వీడన్ వలస పిల్లలకు ఇంటి భాషను బడిలోనే నేర్పించింది, పుస్తకాల ప్రచురణకు సాయం చేసింది. 1977లో అక్కడికి చేరిన మెహ్మెద్ ఉజున్ ఆధునిక కుర్దిష్ నవలను చాలావరకు అక్కడి నుంచే నిలబెట్టాడు. సొంత దేశంలో అచ్చుకాని భాష స్టాక్‌హోమ్‌లో అచ్చయింది.

ఇన్ని కథల నుంచి ఒక వాదన తేలుతుంది. కుర్దులకు ప్రత్యేక దేశం ఉండాలా వద్దా అన్న చర్చ వందేళ్ళుగా నడుస్తోంది. 2017 సెప్టెంబరులో ఇరాక్ కుర్దులు 92 శాతానికి పైగా స్వాతంత్ర్యానికి ఓటేశారు. నెల తిరక్కుండానే కిర్కుక్‌ను కోల్పోయారు. సరిహద్దులు మార్చడం ఎవరి చేతుల్లోనూ లేనట్టుంది. కానీ పైన చెప్పిన వాటిలో చాలావాటికి సరిహద్దు మారనక్కర్లేదు. అక్షరాన్ని గుర్తించడానికి, జనన ధ్రువపత్రం ఇవ్వడానికి, జీతం నెలనెలా వేయడానికి, పరీక్షా పత్రాన్ని ఆమోదించడానికి దేశం ముక్కలు కావాలా? 2011లో సిరియా, 2013లో టర్కీ అక్కర్లేదని తామే చూపించాయి. ఇబ్బంది ఏమిటంటే ఆ దిద్దుబాట్లు హక్కుగా రాలేదు, పాలకుడి అవసరాన్ని బట్టి వరంగా వచ్చాయి. వరమిచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోగలదు.

కనుక టర్కీ చర్చలను గమనించేవాళ్ళు నాయకుల కరచాలనాల కన్నా రాజ్యాంగం 42వ అధికరణ మీద కన్నేయడం మంచిది. విద్యాసంస్థల్లో టర్కిష్ తప్ప మరే భాషనూ మాతృభాషగా బోధించరాదని అది శాసిస్తుంది. ప్రస్తుతానికి ఉన్న వెసులుబాటు 2012లో వచ్చింది. ఐదో తరగతి నుంచి కుర్దిష్‌ను ఎంపిక సబ్జెక్టుగా వారానికి రెండు గంటలు చదవవచ్చు. అదీ కనీసం పదిమంది పిల్లలు కోరితేనే. కోరుతూ ఫారం నింపడానికి కొన్ని కుటుంబాలు జంకుతాయి, నింపిన చోట చెప్పడానికి టీచరు దొరకడు. విశ్వవిద్యాలయాల్లో కుర్దిష్ చదివి ఉద్యోగం కోసం చూస్తున్న పట్టభద్రులు మాత్రం కావలసినంత మంది ఉన్నారు. ఆ పోస్టులు భర్తీ చేయడానికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు. అంకారా విద్యాశాఖ వచ్చే నియామకాల ప్రకటనలో ఆ సబ్జెక్టు ఎదుట ఏ అంకె వేస్తుందన్నదే చర్చలు ఎంత దూరం వచ్చాయో మొదటగా చెబుతుంది.